ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నడకకు బట్టలు: ఏ చొక్కా, ఎన్ని పొరలు, ఏ వరుసలో

బేస్ క్యాంప్‌కి బయల్దేరే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అక్కడి చలికి ఎన్ని స్వెటర్లు కావాలి?" ఎండల్లో పుట్టి పెరిగిన వాళ్లం, చలంటే భయం ఉండటం సహజమే. కానీ ఆ భయంతో సర్దితే బ్యాగు నిండుతుంది, ఒళ్లు మాత్రం వణుకుతూనే ఉంటుంది. రోజుకి ఐదారు గంటలు ఎక్కుతూ నడిచే మనిషికి అసలు బాధ తన చెమటతోనే.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను లోపల నూలు బనియన్, దాని మీద మందపాటి స్వెటర్, పైన జాకెట్ వేసుకుని దారిలోని పెద్ద ఊరు నామ్చే బజార్‌కి ఎక్కాను. నవంబర్ ఆఖరు. దూద్‌కోశి మీది ఎత్తైన వేలాడే వంతెన దాటాక సుమారు 600 మీటర్ల ఎక్కుడు. పైకి చేరేసరికి బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉంది. లాడ్జి ముందు కూర్చున్న ఐదు నిమిషాలకే వీపు మీద ఐసు గడ్డ పెట్టినట్టయింది. చెయ్యి వణికి గ్లాసులో టీ ఒలికిపోయింది. ఆ రాత్రి బయట తీగ మీద ఆరేసిన బనియన్ పొద్దున తీస్తే అప్పడంలా బిర్రబిగుసుకుని ఉంది.

అక్టోబర్–నవంబర్ లేదా మార్చి–మే నెలల్లో లాడ్జిల్లో బస చేస్తూ 12–14 రోజులు నడిచేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డిసెంబర్, జనవరి నెలల లెక్క వేరు.

1. ముందు దారి లెక్క చూసుకోండి

విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా 2,860 మీటర్ల ఎత్తు. నామ్చే 3,440, డింగ్‌బోచే 4,410, గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. పోను రాను కలిపి దాదాపు 130 కిలోమీటర్లు.

పైకి వెళ్లే ప్రతి 1,000 మీటర్లకి ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒకే రోజు, ఒకే ఎండలో లుక్లాకీ గోరక్‌షెప్‌కీ 15 డిగ్రీల తేడా. లుక్లా దగ్గర పగలు పల్చటి చొక్కా చాలు. గోరక్‌షెప్‌లో నవంబర్ రాత్రి మైనస్ 10 దాటడం మామూలే. రెండూ ఒకే బ్యాగులోంచి తీసి వేసుకోవాలి.

ఇంకో సంగతి. మామూలు లాడ్జి గదుల్లో హీటర్లు ఉండవు. వేడి అంటే భోజనాల హాలు మధ్యలో ఉండే పొయ్యి ఒక్కటే. పై ఊళ్లలో దాన్ని ఎండిన యాక్ (జడల బర్రె) పేడతో, సాయంత్రం పూట కాసేపే వెలిగిస్తారు. కాబట్టి నడిచేటప్పటి చలికీ కూర్చున్నప్పటి చలికీ వేర్వేరు బట్టలు కావాలి. అందరూ రెండో దానికి మాత్రమే కొనుక్కుంటారు.

బరువు కూడా చూసుకోవాలి. లుక్లా విమానంలో చేతి సంచితో కలిపి సాధారణంగా మనిషికి 15 కిలోలే. ఆ సామాను మోసే పోర్టర్ కూడా మనిషే కదా, అనవసరమైన స్వెటరు ఆయన వీపు మీద పెట్టకండి.

2. లేబుల్ చదవడం నేర్చుకోండి

వేడిని లాక్కుపోవడంలో నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు చురుకు. తడి చొక్కా ఒంటికి అంటుకుని ఉండగా పైన ఎంత మందం జాకెట్ వేసినా సగం వృథా. అందుకే చొక్కా లోపలి లేబుల్ మీద ఏం రాసి ఉందో చూడకుండా ఏదీ కొనకండి.

నూలు: మన ఎండలకి ఇంతకంటే హాయైన బట్ట లేదు. అక్కడ మాత్రం వద్దు. చెమటని పీల్చి పట్టుకుంటుంది, వదలదు. పల్చటి టీషర్టు కూడా ఆ చలిలో రాత్రంతా వేలాడదీసినా ఆరదు. 60 శాతం నూలు, 40 శాతం పాలిస్టర్ అని ఉన్నా నూలు కిందే లెక్క.

పాలిస్టర్: చెమటని పైకి తెచ్చి తొందరగా ఆరిపోతుంది. చవక, గట్టిది. దీని లోపం వాసన. రెండో రోజు సాయంత్రానికే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు.

మెరినో ఉన్ని: ఇది మన ఇళ్లలోని గుచ్చుకునే ఉన్ని కాదు. మెరినో గొర్రెల నుంచి వచ్చే సన్నటి పోగు, మెత్తగా ఉంటుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. నాలుగైదు రోజులు వరుసగా వేసుకున్నా వాసన రాదు. ఖరీదు ఎక్కువ, ఆరడం పాలిస్టర్ కంటే నిదానం, భుజం పట్టీ కింద తొందరగా పల్చబడుతుంది.

మెరినో, పాలిస్టర్ లేదా నైలాన్ కలిపినవి: ఒక్క మంచి చొక్కా కొనే స్తోమతే ఉంటే నేను వీటికే ఓటేస్తాను. ఉన్నిలోని వాసన రాని గుణం కొంత, నైలాన్ గట్టిదనం కొంత రెండూ వస్తాయి.

యాక్రిలిక్: చలికాలం మన ఊళ్ల ఫుట్‌పాత్‌ల మీద అమ్మే స్వెటర్లు ఎక్కువగా ఇవే. బస్సు ప్రయాణానికి బాగుంటాయి. నడకకి బరువు, గాలి ఆగదు, మడిస్తే దిండంత అవుతాయి.

మెరినో లేబుల్ మీద 150, 200, 250 అనే అంకెలు కనిపిస్తాయి. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. నడవడానికి 150 దగ్గరివి, పడుకోవడానికి 200 పైవి తీసుకోండి.

3. దుకాణంలో చొక్కా ఎంచుకునే వరుస

మూడు చొక్కాలు చాలు: నడవడానికి రెండు, పడుకోవడానికి ఒకటి. పన్నెండు రోజులకి మూడేనా అని కంగారు పడకండి. ఏడెనిమిది తెచ్చుకున్నవాళ్లు కూడా మూడో రోజు నుంచి ఆ రెండే తిప్పి తిప్పి వేసుకుంటారు.

ఒక్కో చొక్కాని ఈ వరుసలో చూడండి.

ముందు లేబుల్. నూలు ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి.

తర్వాత బట్టని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. అవతలి దీపం స్పష్టంగా కనిపిస్తే మరీ పల్చన. పై ఎత్తుల్లో ఎండ మన అంచనాకి అందదు. ప్రతి 1,000 మీటర్లకి అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. చలిగా ఉంది కదా అని చేతులు, మెడ వదిలేస్తే రెండు రోజుల్లో తోలు ఊడుతుంది. అందుకే ఫుల్ హ్యాండ్స్, మెడని కప్పే కాలర్ ఉండాలి. వేడి పుడితే చేతులు మడుచుకోవచ్చు, పొట్టి చేతుల్ని పొడుగు చేసుకోలేం.

మూడోది, ముందు భాగం తెరుచుకోవాలి. సగం దాకా జిప్పు ఉన్నది గానీ, గుండీల చొక్కా గానీ మేలు. ఎక్కేటప్పుడు జిప్పు దించితే వేడి బయటికి పోతుంది, ఆగినప్పుడు పైకి లాగితే చాలు. ఈ ఒక్క జిప్పు రోజుకి పదిసార్లు బ్యాగు దించే పని తప్పిస్తుంది.

నాలుగోది కుట్లు. చొక్కాని తిరగేసి భుజాల మీద, చంకల్లో వేలితో రాయండి. కుట్టు గట్టుగా ఉబ్బి తగిలితే వద్దు. ట్రయల్ రూములో కాసేపు ఏమీ అనిపించదు. ఎనిమిది కిలోల బ్యాగు పట్టీ దాని మీద ఆరు గంటలు కదిలితే ఒరుసుకుపోయి రక్తం కనిపిస్తుంది. కుట్టు భుజం మీద కాకుండా కాస్త ముందుకో వెనక్కో జరిగి ఉన్న చొక్కాలు దొరుకుతాయి, అవి వెతకండి.

ఐదోది, వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి. నడుము బయటపడితే పొట్టిది. బ్యాగు నడుం బెల్టు కింద చొక్కా పైకి జరిగి చర్మం కోసుకుపోతుంది.

ఆరోది, పాలిస్టర్ చొక్కాలకి నీటి చుక్క పరీక్ష. కొన్నాక ఇంట్లో ఒకసారి ఉతికి ఆరేసి, లోపలి వైపు ఒక్క చుక్క నీళ్లు వేయండి. చుక్క వెంటనే పరుచుకుని పైవైపు తడి కనిపిస్తే చెమటని బాగా లాగుతుంది. ముత్యంలా అలాగే నిలబడితే ఆ చొక్కా ఒంటి మీద ఉక్కపోస్తుంది.

ఆడవాళ్లకి ఒక మాట. చొక్కా అంతా సరిగ్గా ఎంచుకుని లోపల నూలు బ్రా వేసుకుంటే అన్నిటికంటే ఎక్కువ తడి నిలిచే చోటుని వదిలేసినట్టే. మెత్తటి ప్యాడ్లు ఉన్నవి అస్సలు ఆరవు. ప్యాడ్ లేని పాలిస్టర్ లేదా మెరినో స్పోర్ట్స్ బ్రాలు రెండు మూడు, భుజం మీద కొక్కేలు లేనివి తీసుకోండి. కొక్కెం సరిగ్గా బ్యాగు పట్టీ కిందికి వస్తుంది.

4. చొక్కా మీద ఏం వేయాలి

ఒక్కో పొరకి ఒక్కో పని. ఒకే పని చేసేవి రెండు తెచ్చుకుంటే మోత తప్ప లాభం లేదు.

పల్చటి ఫ్లీస్ (నూగులాంటి మెత్తటి పాలిస్టర్ జాకెట్): నడుస్తూ వేసుకునేది ఇదే. 100 రకం అనే పల్చటిది చాలు, 250–350 గ్రాములుంటుంది. మందపాటిది కొంటే దానితో నడవలేరు, పక్షి నూగు నింపిన డౌన్ జాకెట్ ఉండగా కూర్చున్నప్పుడు అవసరం రాదు.

గాలి, వాన ఆపే జాకెట్: ఈ దారి సాగే ఖుంబూ లోయలో మధ్యాహ్నం అయ్యేసరికి గాలి మొదలవుతుంది. థుక్లా పైన స్మారక స్తూపాలున్న కనుమ దగ్గర ఆ గాలి ఎముకల్లోకి దూరుతుంది. నీటిని ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్ 10,000 మిల్లీమీటర్లు, కుట్ల మీద లోపలి వైపు టేపు, హెల్మెట్ లాగా తలతో పాటు తిరిగే టోపీ, చంకల్లో జిప్పులు ఉన్నాయా అని చూడండి. చంక జిప్పులు లేని వాన జాకెట్ ఎక్కుడులో ప్రెషర్ కుక్కరే.

డౌన్ జాకెట్: బాతు లేదా గూస్ (పెద్దబాతు) నూగుతో నింపినది. ఆగినప్పుడు, సాయంత్రాలు, తెల్లవారుజామున గోరక్‌షెప్ దగ్గరి కాలా పత్థర్ కొండ ఎక్కేటప్పుడు మాత్రమే. లేబుల్ మీది ఫిల్ పవర్ అంకె 650, ఆపైన ఉండాలి. అంకె పెరిగే కొద్దీ అదే బరువుకి ఎక్కువ పొంగుతుంది, ఎక్కువ వెచ్చన. తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది. నూగు వాడటం ఇష్టం లేనివాళ్లు సింథటిక్ నింపినది తీసుకోవచ్చు. కాస్త బరువెక్కువ, కానీ తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది.

జీవితంలో ఒక్కసారే వెళ్తామనుకుంటే మందపాటి డౌన్ జాకెట్ కొనకండి. ఖాట్మండు థమేల్‌లో రోజు అద్దెకి ఇస్తారు. తీసుకునే ముందు వెలుతురులో పైకెత్తి పట్టుకుని కుట్ల మధ్య గదులన్నీ నూగుతో నిండుగా ఉన్నాయో, కొన్ని ఖాళీ అయ్యాయో చూడండి. జిప్పు నాలుగుసార్లు లాగి చూడండి. అక్కడ పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీలు చాలా ఉంటాయి. ఫ్లీస్ అయితే పరవాలేదు గానీ వాన జాకెట్ విషయంలో ఆ రిస్క్ వద్దు.

కాళ్లకి: ఆరిపోయే ప్యాంటు రెండు, డింగ్‌బోచే పైన పడుకోవడానికి థర్మల్ ఒకటి. థర్మల్ వేసుకుని పగలు నడవకండి. పొద్దున తొమ్మిదికల్లా తీసేయాలనిపిస్తుంది, ఆ దారిలో తీసేందుకు చోటుండదు.

5. అన్నీ కలిపి వేసుకుని చూడండి

విడివిడిగా సరిపోయినవి కలిపి వేస్తే సరిపోవు. చొక్కా ఒంటికి అంటీ అంటనట్టు ఉండాలి. దాని మీద ఫ్లీస్, ఆపైన డౌన్ జాకెట్, అన్నిటికీ పైన వాన జాకెట్ వేసుకుని చూడండి. డౌన్ నలిగిపోతే దానిలోని గాలి పోతుంది, గాలి పోతే వెచ్చదనం పోతుంది. వాన జాకెట్ ఒక సైజు పెద్దది తీసుకోవడం నయం.

ఇలా వేసుకుని బూటు లేసు కట్టండి, బ్యాగు తగిలించుకోండి, చేతులు ముందుకు చాపండి. మణికట్టు బయటపడకూడదు, వీపు బిగుసుకోకూడదు. విజయవాడలో ఏప్రిల్‌లో ఈ పని చేయాలంటే ఫ్యాన్ కింద కూడా కష్టమే, అయినా చేయండి.

6. ఇంటి దగ్గర పరీక్ష

కొత్త చొక్కాతో నేరుగా లుక్లాలో దిగొద్దు. మనకి దేవుడిచ్చిన పరీక్ష చోటు అలిపిరి మెట్ల దారి. 3,550 మెట్లు. ఆ చొక్కా, ఆ బ్రా, ఆ బ్యాగు ఆరేడు కిలోల బరువుతో వేసుకుని ఎక్కండి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లతో చిన్నది గానీ నిలువుగా ఉంటుంది, నామ్చే ఎక్కుడుకి అదే దగ్గర. హైదరాబాద్ వాళ్లకి అనంతగిరి కొండలున్నాయి.

పైకి చేరాక చూసుకోవాల్సినవి:

- భుజాలు, చంకలు, నడుము దగ్గర ఎర్రబడిందా?
- చొక్కా వీపు ఎంతసేపట్లో ఆరింది? నీడలో గంటలో ఆరకపోతే వేరేది చూడండి.
- ఉతక్కుండా మర్నాడు మళ్లీ వేసుకోగలరా?
- జిప్పు గడ్డానికి గీసుకుంటోందా?

ఎర్రబడిన చోటుని తేలిగ్గా తీసుకోకండి. మెట్ల దారిలో మూడు గంటలకి ఎర్రబడింది, అక్కడ మూడో రోజుకి పుండు అవుతుంది.

7. దారిలో ఒక రోజు: వేయడం, తీయడం

బట్టలు ఎంత మంచివైనా వేళకి తీయకపోతే లాభం లేదు.

బయల్దేరేటప్పుడు: కాస్త చలి వేస్తూ ఉండగానే నడక మొదలుపెట్టండి. చొక్కా, మరీ అయితే ఫ్లీస్. పదిహేను నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. వెచ్చగా బయల్దేరినవాళ్లు అరగంటకి తడిసిపోతారు.

మొదటి పావుగంటకి: ఒకసారి ఆగి ఫ్లీస్ తీసేయండి. గ్రూపంతా ముందుకి పోతోందని మొహమాటపడకండి. చెమట పట్టాక తీస్తే ఆలస్యమైపోయినట్టే.

ఎక్కుడులో: వేడి అనిపిస్తే ముందు జిప్పు దించండి, తర్వాత టోపీ తీయండి, తర్వాత చేతులు మడవండి, ఆ తర్వాతే పొర తీయండి. అప్పటికీ చెమట పడుతుంటే నడక నెమ్మది చేయండి. ఆ ఎత్తులో నెమ్మదిగా నడవడం ఊపిరికి కూడా మంచిదే.

ఆగిన క్షణం: బ్యాగు దించగానే, నీళ్లు తాగకముందే డౌన్ జాకెట్ వేసుకోండి. చలి వేశాక వేసుకుంటే పోయిన వేడిని ఒళ్లు మళ్లీ పుట్టించుకోవాలి. అందుకే డౌన్ జాకెట్ బ్యాగులో అన్నిటికంటే పైన ఉండాలి, పోర్టర్ దగ్గరున్న సంచిలో కాదు. వాన జాకెట్ కూడా అంతే.

లాడ్జి చేరగానే: మంచం మీద వాలిపోవాలనిపిస్తుంది. ముందు తడి చొక్కా విప్పి, ఒళ్లు తుడుచుకుని, పడుకునే చొక్కా వేసుకోండి. ఈ చొక్కా నడకకి ఎప్పుడూ వాడకూడదు. ఎంత చెడ్డ రోజైనా రాత్రికి ఒక పొడి చొక్కా ఉందనే భరోసా అదే.

కాలా పత్థర్ తెల్లవారుజాము: నాలుగింటికి చీకట్లో బయల్దేరతారు. తెచ్చుకున్నవన్నీ ఒకేసారి ఒంటి మీదికి వచ్చేది ఈ ఒక్క పూటే. మెరినో చొక్కా, ఫ్లీస్, డౌన్, పైన గాలి ఆపే జాకెట్. ఫోను, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి, చలికి చార్జింగ్ పడిపోతుంది.

8. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

వాన లేకున్నా రోజంతా వాన జాకెట్‌తో నడవడం. లోపలి చొక్కా మొత్తం తడుస్తుంది. గాలి కోసమే అయితే చంక జిప్పులు తెరిచి, ఫ్లీస్ తీసేసి, చొక్కా మీద నేరుగా వేసుకోండి.

పగటి నడకలో డౌన్ జాకెట్‌తో ఎక్కడం. చెమట నూగులోకి పోయి జాకెట్ చప్పబడుతుంది. అలా అయితే మర్నాడు ఎండలో ఒక గంట పరిచి, చేత్తో తడుతూ ఉండల్ని విడదీయండి. పొయ్యికి దగ్గరగా పెట్టొద్దు, నైలాన్ కరిగిపోతుంది.

చొక్కా ఆరలేదు. పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా మెలిపెట్టండి, సగం తేమ దానిలోకి పోతుంది. కాస్త చెమ్మ మిగిలితే మర్నాడు బ్యాగు వెనక పిన్నీసులతో తగిలించి నడవండి. బాగా తడిగా ఉన్నదాన్ని ఒంటి మీద ఆరబెట్టుకోవాలని చూడకండి.

దుమ్ము. అక్టోబర్, నవంబర్‌లో దారి పొడిగా ఉంటుంది, యాక్‌లు నడిస్తే దుమ్ము లేస్తుంది. మెడకి వేసుకునే గొట్టం లాంటి పల్చటి గుడ్డ, బఫ్ అంటారు, ఒకటి ముక్కు మీదికి లాక్కోండి. పొడిగాలికి వచ్చే దగ్గు కూడా తగ్గుతుంది.

వణుకుని పట్టించుకోకపోవడం. మనిషి ఆగకుండా వణుకుతూ, జిప్పు వేసుకోలేక తడబడుతూ, మాట ముద్దగా వస్తుంటే వెంటనే తడి బట్టలు విప్పి, పొడివి వేసి, స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టండి. స్పృహలో ఉంటే వేడి తీపి టీ తాగించండి. అడుగులు తూలుతుంటే అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు కూడా కావచ్చు. దాన్ని చలి అని సరిపెట్టుకోకుండా గైడ్‌కి చెప్పి కిందికి దించండి.

9. సర్దుకునే జాబితా

- నడక చొక్కాలు 2 (ఒకటి మెరినో లేదా మిశ్రమం, ఒకటి పాలిస్టర్, రెండూ ఫుల్ హ్యాండ్స్)
- పడుకునే చొక్కా 1, థర్మల్ ప్యాంటు 1
- పల్చటి ఫ్లీస్ 1
- డౌన్ లేదా సింథటిక్ జాకెట్ 1
- వాన జాకెట్ 1, వాన ప్యాంటు 1
- నడక ప్యాంట్లు 2
- ఎండ టోపీ, చెవులు కప్పే ఉన్ని టోపీ, బఫ్
- పల్చటి చేతి తొడుగులు, వాటి మీదికి మందపాటివి
- పొడి బట్టలు పెట్టుకోవడానికి గట్టి ప్లాస్టిక్ సంచులు 3, పిన్నీసులు 6

సర్దాక నడుము పైభాగాన వేసుకునే బట్టలన్నీ వంటింటి త్రాసులో తూయండి. రెండు కిలోలు దాటితే ఒకే పని చేసేవి రెండు ఎక్కడో ఉన్నాయి, వెతికి ఒకటి తీసేయండి.

10. తిరిగొచ్చాక

మెరినోని సబ్బుపొడిలో నానబెట్టకండి. పట్టుచీరలకి వాడినట్టే కుంకుడు రసం గోరువెచ్చటి నీళ్లలో కలిపి, మెలిపెట్టకుండా నొక్కి పిండి, నీడలో పరిచి ఆరేయండి. దండెం మీద వేలాడదీస్తే సాగిపోతుంది. పాలిస్టర్ చొక్కాలకి, వాన జాకెట్‌కి కంఫర్ట్ లాంటి సువాసన ద్రవాలు వాడొద్దు. అవి పోగుల మీద పూతలా పేరుకుని చెమట లాగే గుణాన్ని చంపేస్తాయి. వాన జాకెట్ మీద నీటి చుక్కలు జారకుండా ఇంకిపోతుంటే ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి.

డౌన్ జాకెట్‌ని దాని చిన్న సంచిలో కుక్కి ఏడాదంతా అటక మీద పడేస్తే మళ్లీ పొంగదు. పూర్తిగా ఆరిందని రెండు రోజులు చూసుకుని బీరువాలో వదులుగా తగిలించండి. కోస్తా తేమకి చెమ్మ మిగిలిందంటే బూజు పట్టేస్తుంది. మెరినో చొక్కాలు పురుగు పట్టకుండా ఎండిన వేపాకుతో కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. కలరా ఉండలు వేస్తే ఆ వాసన తర్వాతి నడకలో చొక్కా వేడెక్కినప్పుడల్లా ముక్కుకి తగులుతూనే ఉంటుంది.